శనివారం ఊడ్పులో పోయింది

మా మోతులోవా దీవిలో శనివారం అంటే చీపుళ్ళ వారం. ఆదివారం పని చేయడం దేవుడి దగ్గరే కాదు, రాజుగారి చట్టంలో కూడా తప్పు. అందుకని ఊడ్చేది, ఉతికేది, ఇస్త్రీ చేసేది, కొబ్బరి కోరేది అంతా శనివారమే తెమిలిపోవాలి. సాయంత్రానికి ప్రతి వాకిట్లో ఎండుటాకుల పొగ లేస్తుంది. మా వదిన తెలేసియా వాకిట్లో అందరికన్నా ముందు లేస్తుంది.

తెలేసియా మా ఆయన కెలెపికి అక్క. అక్క మాటకు మా వాళ్ళలో తమ్ముడు ఎదురు చెప్పడు. ఆమె పడుకునే ఇంట్లో అడుగు పెట్టడు. ఆమె వింటుండగా మోటు మాట అనడు, చివరికి జోకు కూడా వేయడు. ఇద్దరూ ఒక గదిలో కూర్చోవడం నేను చూడలేదు. మాటలు మోసేది నేను. పెళ్ళయినప్పటి నుంచీ అదే నా ఉద్యోగం.

వదిన ఉద్యోగం సముద్రాన్ని చూడటం. ఆమె ఇంటికి ఆనించి కట్టిన చిన్న గదిలో ప్రభుత్వం వాళ్ళు పెట్టిన కంప్యూటర్ ఒకటి ఉంది. పగడపు దిబ్బలో పడవలు వచ్చే గండి దగ్గర కెరటాల ఎత్తు కొలిచే పరికరం ఉంది. అది చెప్పిన అంకెను ఈ మిషను అందుకుని, ఇంటి కప్పు మీది డిష్ ద్వారా పెద్ద దీవిలోని పంగై రేవుకి పంపుతుంది. పంగైలో పడవ నడిపే ఫెలెతి బయల్దేరే ముందు తన ఫోనులో ఆ అంకె చూసుకుంటాడు. ఒకటిన్నర మీటర్ల లోపుంటే వస్తాడు. దాటితే రాడు. మా ఊరి ఫోను టవరు పోయిన తుఫానులో పాడైంది, సామాను వస్తుందని ఎదురు చూస్తున్నాం. ఫోనులు ఇప్పుడు టార్చిలైట్లుగా పనికొస్తున్నాయి. వదిన గదిలోని పడవల రేడియో దగ్గరి దీవులు దాటదు కాబట్టి, బయటి లోకంతో మాకున్న దారి ఆ మిషను ఒక్కటే.

ఆ శనివారం మా అమ్మాయి లోసే ఊళ్ళో లేదు. చర్చి పాటల పోటీకని ఊరి పిల్లలతో కలిసి పంగై వెళ్ళింది. సోమవారం పొద్దున్నే ఫెలెతి పడవలో తిరిగి రావాలి. నేను దాని ఆదివారపు బట్టలు ఉతికి ఆరేస్తుంటే వదిన కిటికీలోంచి కేకేసింది.

"కలో! ఇటు రా."

చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. గది అద్దంలా మెరుస్తోంది. మిషను మీద అల్లిక గుడ్డ, పక్కన ప్లాస్టిక్ పూలు.

"దీనికి కొత్త కెర్నెల్ వచ్చింది" అంది వదిన. శిక్షణకు వెళ్ళి వచ్చింది కాబట్టి ఆమెకు ఆ మాటలన్నీ తెలుసు. "అంటే దీని గుండెకాయ లాంటిది. కొత్తది వేశాను. ఇప్పుడు పాతది అక్కర్లేదు, తీసేయమంటావా అని అడుగుతోంది. తమ్ముణ్ణి అడిగిరా, తీసేయనా అని."

కెలెపి ఏడేళ్ళు ఆక్లండులో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేశాడు. అందుకే ఈ అడగడం. అతను పెరట్లో రేపటి వంటకు చేమ లాంటి టారో దుంపల చెక్కు తీస్తున్నాడు. అడిగాను. కత్తి ఆపి ఒక క్షణం నా వంక చూశాడు. ఏదో అనబోయాడు.

"అక్క ఎలా అంటే అలా" అన్నాడు. మళ్ళీ చెక్కు తీయడం మొదలుపెట్టాడు.

వెళ్ళి అదే చెప్పాను. వదిన మీట నొక్కింది. "ఆదివారం ముందు పాత చెత్త ఇంట్లో ఉండకూడదు" అంది. మిషనును ఒకసారి ఆపి మళ్ళీ లేపింది. చర్చి గంట మోగింది, స్నానాలకు వెళ్ళిపోయాం.

*

ఆదివారం గాలి లేదు. కొబ్బరాకు కదల్లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. చర్చిలో పాటలు పాడుతున్నంతసేపూ నాకు ఏమీ తెలియలేదు. ప్రార్థనకు అందరూ తల వంచి నిశ్శబ్దమయ్యాక వినబడింది. దిబ్బ మీద నుంచి, చాలా లోతుగా, ఆగి ఆగి. ఖాళీ ఇంట్లో పెద్ద బీరువా జరిపినట్టు.

బయటికొచ్చాక మోసేసే అనే ముసలాయన చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు: "దక్షిణాన ఎక్కడో పెద్ద తుఫాను లేచింది. మనకి తోక తగులుతోంది."

"తోకేనా తాతా?" అన్నాను.

"తలొస్తే నీతో కబుర్లు చెప్తూ నిలబడతానా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం నేలలో పూడ్చిన మట్టి పొయ్యి తెరిచి, టారో ఆకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి చుట్టిన పొట్లాలు తీశాం. మంచి పొట్లం ఏరి ముందుగా వదినకు తీసుకెళ్ళాను. ఆమె చాప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. పళ్ళెం పెడుతూ పక్క గదిలోకి తొంగి చూశాను. తెర మీద అంకె: 0.8.

"ఈ హోరుకి ఎనభై సెంటీమీటర్లేనా వదినా?"

"మిషను చెప్తోంది కదా."

"నిన్న సాయంత్రం కూడా అంతే ఉంది."

"సముద్రం ప్రశాంతంగా ఉంటే నీకేం బాధ? తిని పడుకో. ఆదివారం పూట లెక్కలు చూడకు."

ఇంటికొచ్చి కెలెపికి చెప్పాను. అప్పటికి చేతిలో ముద్ద ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేశాడు.

"మిషను వెనక కేబుల్ గుచ్చిన చోట చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. వెలుగుతోందా?"

ఖాళీ పళ్ళెం తెచ్చే నెపంతో మళ్ళీ వెళ్ళాను. వంగి చూశాను. దీపం లేదు.

ఆ సంగతి విన్నాక కెలెపి లేచి నిలబడ్డాడు. సముద్రం వైపు చూశాడు, వదిన ఇంటి వైపు చూశాడు. "దానికి నెట్‌వర్క్ కార్డు కనబడటం లేదు" అన్నాడు. "చెవులు మూసుకుంది, నోరూ మూసుకుంది. నిన్న సాయంత్రం విన్న ఆఖరి అంకెనే పట్టుకుని కూర్చుంది. పంగైలో ఫెలెతి ఫోనులో కూడా అదే ఉంటుంది."

"ఏ టైముదో ఉండదా?"

"ఉంటుంది. కింద చీమల్లాంటి అక్షరాల్లో. ఫెలెతి చీమల్ని చూసే రకమా?"

లోసే ఉతికిన బట్టలు మడతపెట్టి మంచం మీద ఉన్నాయి. 

*

మళ్ళీ వెళ్ళాను. "వదినా, మిషను చూడాలట. నెట్‌వర్కు పోయిందట."

"ఆదివారమా?" విసనకర్ర ఆగిపోయింది. "తమ్ముడు అన్నాడా?"

"నేనంటున్నాను. రేపు మీ మేనకోడలు ఆ పడవలో ఉంటుంది."

దిబ్బ మీద ఇంకొకటి విరిగింది. గోడకున్న ఫోటో అద్దం సన్నగా చిటచిటలాడింది. వదిన లేచి, చర్చికి వెళ్ళేటప్పుడు కట్టే అల్లిక పట్టీ నడుముకు కట్టుకుని, బైబిలు తీసుకుంది.

"నేను మూడు గంటల ప్రార్థనకు వెళ్తున్నాను. నేను లేనప్పుడు ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు."

ఆమె లేకపోయినా కెలెపి లోపలికి రాలేదు. కిటికీ బయట పనసలాంటి మా రొట్టెపండు చెట్టు కింద నిలబడ్డాడు. నేను మిషను ముందు కూర్చున్నాను. అతను ఒక్కో అక్షరం చెప్తాడు, నేను మీట వెతికి నొక్కుతాను.

"ఎల్, ఎస్, పి, సి, ఐ."

"పి ఎక్కడుంది?"

"కుడివైపు పైన. నాతో గొడవపడేటప్పుడు మాత్రం అన్నీ టక్కున దొరుకుతాయి నీకు."

"వెళ్ళి నువ్వే నొక్కుకో మరి."

నవ్వబోయి ఆగిపోయాడు. నేను తెర మీదున్నది చదివాను. బోర్డుకు ఏమేం తగిలించి ఉన్నాయో చెప్పే పట్టీ అది. అందులో కార్డు పేరుంది. "సరే, కార్డు బతికే ఉంది" అన్నాడు. తర్వాత ఇంకో ఆజ్ఞ చెప్పాడు. ఈసారి ఒకే ఒక్క పేరొచ్చింది.

"'లో' అని ఉంది. అంతే."

"అది మిషను తనతో తాను మాట్లాడుకునే దారి. ఇంకేం లేదా?"

"లేదు."

అతను గొంతు తగ్గించాడు. కార్డును నడిపే డ్రైవర్‌ను పేరుపెట్టి పిలిచే ఆజ్ఞ చెప్పాడు. కొట్టాను. అలాంటిది లేదని జవాబొచ్చింది. పేరు తప్పు కొట్టానేమోనని రెండోసారి కొట్టాను. మళ్ళీ అదే.

"ఇప్పుడు కెర్నెల్‌లు ఉండే అర చూడు. ఎన్ని పేర్లున్నాయి?"

"ఒకటి."

కిటికీలోంచి చూశాను. చెట్టు బెరడు మీద గోటితో గీస్తున్నాడు.

"కొత్త కెర్నెల్ చేసేవాళ్ళు పాత కార్డుల డ్రైవర్లు కొన్ని తీసేస్తారు, ఎవరూ వాడటం లేదని" అన్నాడు చివరికి. "మనది మరీ పాత కార్డు. పాత కెర్నెల్ ఉండుంటే దాంతో లేపితే చాలు, ఒక్క నిమిషం పని. అది లేదు. మళ్ళీ తెచ్చుకుందామంటే నెట్‌వర్కు కావాలి. నెట్‌వర్కు కావాలంటే అది కావాలి."

"మరి నిన్న..." అన్నాను.

"నిన్న సంగతి వద్దు."

"ఇంకేం దారి లేదా?"

"మిషను పెట్టినప్పుడు ఆ రాజధాని కుర్రాడు ఎర్ర స్టిక్ ఒకటి ఇచ్చివెళ్ళాడు, గుర్తుందా? వేలెడంతది. పాత కెర్నెల్ అందులో ఉంది. ఎక్కడుందో చూడు."

ఎక్కడుందో నాకు తెలుసు. వదిన విలువైన వస్తువులన్నీ ఆమె మంచం కాళ్ళ దగ్గరున్న పెట్టెలో, మా వాళ్ళకు నగలతో సమానమైన పెళ్ళి చాపల మడతల్లో ఉంటాయి. తాళం ఆమె మెడలో ఉంటుంది. ఆ పెట్టెను కెలెపి ముట్టుకోవడం కాదు, దాని వైపు చూడనైనా చూడడు. విరగ్గొడదామన్న మాట నా నోటి దాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేశాను.

*

వదిన చర్చి నుంచి వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా అడిగాను.

"వదినా, ఆ ఎర్ర స్టిక్ కావాలట."

"ఎందుకు?"

ఇక్కడ నేను నిజం చెప్పాల్సింది. మీరు తీసేసిన పాతదే కావాల్సింది, అది లేక మిషను మూగబోయింది అని. కానీ చెట్టు చాటు నుంచి కెలెపి తల అడ్డంగా ఊపుతున్నాడు.

"కొత్తదానికి పాతది కొంచెం తోడు కావాలట" అన్నాను.

"తోడా? గుండెకాయకు తోడేమిటే?" వదిన మెడలోని తాళంచెవిని వేళ్ళతో తిప్పింది. "చిన్న పనైతే రేపు పొద్దున్న చేద్దాం. ఆదివారం చాపల పెట్టె తెరిస్తే మా అమ్మ గోతిలోంచి లేచొస్తుంది. ఫెలెతి బయల్దేరేది తెల్లారాకే కదా."

చిన్న పని అనుకుంది. మేమే అలా అనుకునేటట్టు చెప్పాం.

ఇంటికొచ్చి కెలెపి మీద విరుచుకుపడ్డాను. "ఒక్క మాట! శనివారం నాడు ఒక్క మాట చెప్పుంటే!"

"అక్కతో 'వద్దు' అని నా జన్మలో అనలేదు, కలో. ఆ మాట నా నోటికి ఎలా వస్తుందో కూడా నాకు తెలియదు."

ఆ రాత్రి దీవి అంతా ఆ హోరు కింద పడుకుంది.

*

తెల్లారకముందే మా తలుపు చప్పుడైంది. వదిన. జుట్టు ముడి కూడా వేసుకోలేదు. చేతిలో ఎర్ర స్టిక్.

"గండి చూశావా?" అంది.

ముగ్గురం ఒడ్డుకు వెళ్ళాం, ఆమె ముందు, నేను మధ్యలో, అతను వెనక. గాలి లేదు. నీళ్ళు నూనెలా ఉన్నాయి. దూరంగా గండి దగ్గర మాత్రం నల్లటి గోడ ఒకటి నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు లేచి, నిలబడి, తెల్లగా విరిగింది. మధ్యలో కాసేపు గండి తెరుచుకుంది, నున్నగా, రమ్మన్నట్టు. మళ్ళీ ఇంకో గోడ.

వదిన తిరిగి ఇంటికి నడిచింది. తన గుమ్మం దాటి, వెనక్కి తిరిగి, నా తల మీదుగా సూటిగా తమ్ముడి వైపు చూసింది.

"లోపలికి రా."

కెలెపి గడప దగ్గర ఆగిపోయాడు.

"నీకే చెప్తున్నాను. వచ్చి కూర్చో. దీని వేళ్ళతో అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది."

అక్క మాట కాదనలేడు. తల వంచుకుని ఆ ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టాడు. మిషను ముందు కూర్చున్నాడు. స్టిక్ గుచ్చి, దానితో మిషనును లేపి, పాత కెర్నెల్‌ను మళ్ళీ డిస్కులో పెట్టి, ఆపి, లేపాడు. అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. వదిన గోడకానుకుని నిలబడి ఆ చేతుల్నే చూసింది. తను శనివారం తీసేసిన పేరు తెర మీద మళ్ళీ కనబడగానే ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

మిషను వెనక ఆకుపచ్చ దీపం మిణుకుమంది. తెర మీద 0.8 పోయి 3.6 వచ్చింది.

కెలెపి వెంటనే పంగై రేవు ఆఫీసుకు సందేశం కొట్టాడు: పడవ ఆపండి. మేం ముగ్గురం తెర చూస్తూ నిలబడ్డాం. నేను లోసే పేరు లోపల్లోపల అనుకుంటున్నాను. జవాబు వచ్చింది. సముద్రం పోటు మీదుండగా గండి దాటొచ్చని ఫెలెతి చీకటితోనే బయల్దేరాడు. బయల్దేరేముందు అంకె చూసుకున్నాడు, బాగుందన్నాడు.

నడిసముద్రంలో ఇక ఫోను అతనికి అందదు. మిగిలింది గోడకున్న ఆ పడవల రేడియో. అది పంగై దాకా వినబడదు. ఖాళీగా ఉండే కొబ్బరి దీవి దాటి పడవ ఇవతలికి వచ్చాకే వినబడుతుంది. అక్కడి నుంచి గండి ఎంతో దూరం లేదు. ఆ రేడియో మాటలు చుట్టుపక్కల దీవులన్నిటికీ, అన్ని పడవలకూ వినిపిస్తాయి.

వదిన మైకు తీసుకుని పిలవడం మొదలుపెట్టింది. పిలిచింది, ఆగింది, పిలిచింది. సూర్యుడు పైకొచ్చాడు. చాలాసేపటికి గరగరల మధ్య ఫెలెతి గొంతు, వెనక పిల్లల పాట.

"శుభోదయం అత్తా! కాఫీ పెట్టావా?"

"ఫెలెతీ, వెనక్కి తిప్పు. గండి మూసుకుపోయింది."

"ఏం మూసుకుపోవడం? ఇక్కడ నీళ్ళు పాలలా ఉన్నాయి."

"లోతులో తెలియదురా. దిబ్బ దగ్గర లేస్తోంది. మూడున్నర దాటింది."

"నీ మిషనే నాకు ఎనభై సెంటీమీటర్లని చెప్పింది కదత్తా." పక్కనెవరితోనో అంటున్నాడు, అదీ మాకు వినబడింది: "మబ్బు ఓరగా చూస్తే చాలు, అత్త పడవలు ఆపుతుంది." నవ్వులు. "పిల్లలకి ఆకలేస్తోంది, వచ్చేస్తాం. నేను గండి దగ్గర చూసుకుంటాలే."

గండి దగ్గర చూసుకునేసరికి ఏం కనబడుతుందో నాకు తెలుసు. నున్నగా, తెరుచుకుని, రమ్మంటున్నట్టు.

నేను వదిన చెయ్యి పట్టుకున్నాను. కెలెపి కుర్చీలోంచి లేచి, గోడ వైపు మొహం తిప్పుకున్నాడు, ఏదో చూడకూడనిది చూడబోతున్నట్టు.

వదిన మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఫెలెతీ, విను. మిషను చెప్పింది అబద్ధం. ఆ అంకె శనివారంది. దాన్ని పాడు చేసింది నేను. ఉండాల్సిన దాన్ని చెత్త అనుకుని నేనే తీసేశాను. నిన్న మధ్యాహ్నమే నాకు చెప్పారు. పెట్టె తెరవకుండా కూర్చున్నాను. తప్పు నాది. తెలేసియాది."

రేడియోలో ఒట్టి హోరు. పిల్లల పాట ఆగిపోయింది.

"అత్తా..." అన్నాడు ఫెలెతి. గొంతులో నవ్వు లేదు. "తప్పు నాది అన్నావా?"

"విన్నావు కదా."

"విన్నాను. అందరూ విన్నారు." ఇంకాసేపు హోరు. ఆ తర్వాత ఇంజను శబ్దం మారింది. "తిప్పుతున్నా. కొబ్బరి దీవి చాటున లంగరేస్తా. తగ్గేదాకా అక్కడే ఉంటాం."

ఆ వెంటనే, సన్నగా, "అమ్మా" అని ఒక గొంతు. అది లోసేదో, ఇంకెవరి పిల్లదో. తెగిపోయింది.

వదిన మైకు కొక్కేనికి తగిలించింది. ఒకసారి జారింది, రెండోసారి నిలిచింది. కిటికీలోంచి గండి కనబడుతోంది. ఫెలెతి వచ్చి ఉంటే సుమారుగా ఇప్పుడే చేరేవాడు. నున్నగా తెరుచుకుని ఉన్న ఆ నీటి మీద గోడ లేచింది. ముందు చూసిన వాటికన్నా ఎత్తుగా. విరిగేసరికి గండి ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లగా అయిపోయి, అక్కడ దారి ఉండేదని కూడా తెలియలేదు. తెర మీద అంకె 4.1 అయింది.

ముగ్గురం అదే గదిలో ఉన్నాం. కెలెపి నాకు రెండడుగుల దూరంలో, వదిన ఇంకో రెండడుగుల్లో.

"కలో" అంది వదిన, సముద్రం మీది నుంచి చూపు తిప్పకుండా. "తమ్ముణ్ణి అడుగు. శనివారం నేను తీసేయనా అని అడిగినప్పుడు, ఇలా అవుతుందని తనకి తెలుసా అని."

నేను కెలెపి వైపు తిరిగాను. అతను నేల చూస్తున్నాడు.

"తెలుసని చెప్పు" అన్నాడు.

చెప్పాను.